ఎండ ఊరికే వస్తుంది, మిగతావన్నీ కొనాలి: అనంతపురంలో సోలార్ డ్రయర్ల యూనిట్ పెట్టిన నా అనుభవం

సోలార్ డ్రయర్లు, అంటే కూరగాయలు, ఆకులు ఎండ వేడికి ఎండబెట్టే పెట్టెలు, తయారు చేసే యూనిట్ పెట్టాం కదా, లోను ఎట్లా వచ్చింది, పేటెంట్‌కు ఎంతయింది, సబ్సిడీ నిజంగా ఇస్తారా అని ఈ మధ్య అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. ఒక్కొక్కరికి ఫోన్‌లో చెబుతూ కూర్చుంటే పొయ్యి మీద అన్నం మాడుతోంది, అందుకే మొత్తం ఒకచోట రాసేస్తున్నా. 2023 ఎండాకాలం నుంచి ఈ 2025 డిసెంబరు దాకా జరిగిన సంగతులివి. కొంచెం పొడుగ్గానే ఉంటుంది. లోను సంగతి మాత్రమే కావాలంటే తర్వాతి నాలుగు పేరాలు వదిలేసి కిందికి వెళ్లిపోండి.

నేను మెకానికల్ బీటెక్. అత్తగారింటివాళ్లది అనంతపురం శివార్లలో వెల్డింగ్ షెడ్డు. గేట్లు, గ్రిల్స్ ఎప్పుడూ ఉండేవే గానీ, మధ్యలో కొన్నేళ్లు సోలార్ ప్లాంట్ల పని బాగా నడిచింది. కర్నూలు వైపు గని, శకునాల దగ్గర వెయ్యి మెగావాట్ల పార్కు, ఇటు ఎన్పీ కుంట, తాడిపత్రి దగ్గర తలారిచెరువు, ఎక్కడ చూసినా ప్యానెళ్లే. మా మామ, మా ఆయన ఒక సబ్ కాంట్రాక్టర్ కింద స్ట్రక్చర్ పనులు, రిపేర్లు చేసేవాళ్లు. 2019 జూలైలో రాష్ట్ర ప్రభుత్వం గాలి, సోలార్ కరెంటు ఒప్పందాల ధరలు తగ్గించాలని సమీక్షకు పెట్టింది, విషయం హైకోర్టుకు పోయింది, ఒప్పందంలో రాసుకున్న ధరే కట్టాలని 2022 మార్చిలో తీర్పు వచ్చేదాకా కంపెనీలకు యూనిట్‌కు రెండు రూపాయల నలభై పైసల చిల్లర చొప్పునే లెక్క కట్టారు. పైన వాళ్లకు రాలేదని కాంట్రాక్టర్‌కు ఇవ్వలేదు, కాంట్రాక్టర్‌కు రాలేదని మాకు ఇవ్వలేదు. మాకు రావాల్సింది 2 లక్షల 70 వేలు, అందులో సగం ఇప్పటికీ వసూలు కాలేదు, ఇక వస్తుందన్న ఆశ కూడా లేదు. ఆ రోజుల్లోనే మా మామ అన్నారు, "ఎవడో కట్టిన ప్లాంటును నమ్ముకుని బతికేది వద్దమ్మా, మన పేరుతో అమ్ముకునే సరుకు ఏదన్నా ఉంటే చూడు" అని. ఆ మాట పట్టుకుని నేను డ్రయర్ దగ్గరికొచ్చాను.

ఎండకు టమాటా, మిరప, మునగాకు ఎండబెట్టే పెట్టెలు కొత్తేమీ కాదు. పైన పాలీకార్బొనేట్ షీటు, జీఐ పైపుల ఫ్రేము, లోపల స్టీలు జాలీ ట్రేలు, గాలి లాగడానికి చిన్న ప్యానెల్‌తో తిరిగే డీసీ ఫ్యాను. అందరూ చేసేది ఇదే. ఇబ్బంది ఎక్కడంటే, మధ్యాహ్నం లోపల వేడి డెబ్బై దాటిపోతుంది, సరుకు నల్లబడుతుంది, సాయంత్రం ఆరయ్యేసరికి చల్లబడి తేమ మళ్లీ పట్టేస్తుంది. నేను అడుగున రెండు వరుసల కడప బండలు పరిచి మధ్యలో గాలి పోయే సందు పెట్టాను. పగలు ఆ బండలు వేడి తాగుతాయి, చీకటి పడ్డాక వదులుతాయి. రాత్రి ఎనిమిదింటికి కూడా చెయ్యి ఆనించలేనంత కాగి ఉండేవి. పైన ఒక రేకు తలుపు, దానికి మైనం నింపిన చిన్న సిలిండరు. లోపల వేడి అరవై దాటగానే మైనం కరిగి ఉబ్బి పిస్టన్‌ను తోస్తుంది, తలుపు దానంతటదే తెరుచుకుంటుంది, చల్లబడితే మూసుకుంటుంది. కరెంటు లేదు, సెన్సర్ లేదు, ఆపరేటర్ లేడు. ఆ మైనం ఎన్ని డిగ్రీలకు కరగాలో తేల్చుకోవడానికే 2023 ఏప్రిల్, మే రెండు నెలలూ పోయాయి. వంటింట్లో గిన్నెలో కొవ్వొత్తులు కరిగిస్తుంటే మా అత్తగారు నాకేమైనా అయిందేమోనని భయపడ్డారు.

టమాటాలో నూటికి తొంభై నాలుగు పాళ్లు నీళ్లే. వంద కిలోలు కోసి పెడితే ఆరేడు కిలోల ముక్కలు మిగులుతాయి. ఆ లెక్క కాగితం మీద తెలుసు గానీ, తెల్లారి ట్రేలు బయటికి లాగి తూకం వేసినప్పుడు గట్టిగా గుండె జారింది. ఇంతేనా అని. ఇంకో సంగతి, ముక్కలు జాలీకి అతుక్కుంటాయి. మొదట తక్కువ ధర అని నైలాన్ జాలీ వేశాం, దాని నుంచి ఊడబీకేసరికి సగం పొడి పొడి అయింది. స్టీలు జాలీకి మార్చాం, ట్రేకు ధర రెండింతలు. కొనేవాళ్లు "జాలీకి ఇంతెందుకు" అని బేరమాడేది దీని దగ్గరే.

డ్రయర్ పనిచేస్తోంది అనుకునేసరికి 2023 జూలై వచ్చింది. గుర్తుందా, టమాటా కిలో రెండు వందలకు పోయిన నెల. అప్పటిదాకా "అక్కా, మాకొకటి చెయ్యి" అన్నవాళ్లంతా ఫోన్ ఎత్తలేదు. పచ్చిదే బంగారమైనప్పుడు ఎండబెట్టేదెవరు? సెప్టెంబరు వచ్చేసరికి పత్తికొండ మార్కెట్లో కిలో నాలుగైదు రూపాయలు కూడా పలకక రైతులు రోడ్డు మీద పారబోశారు. అప్పుడు మళ్లీ ఫోన్లు మొదలు, కానీ వాళ్ల దగ్గర డబ్బులు లేవు. ధర ఉంటే డ్రయర్ అవసరం లేదు, అవసరం వచ్చినప్పుడు కొనే స్తోమత ఉండదు. ఈ ఒక్క ముక్క ఏ ప్రాజెక్టు రిపోర్టులోనూ ఉండదు.

ఇక కాగితాల సంగతి. చిన్న పరిశ్రమగా నమోదు చేసుకునే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ పూర్తిగా ఉచితం, ఆధార్, పాన్ ఉంటే కూర్చున్నచోటే అయిపోతుంది. జాగ్రత్త, అచ్చం అలాగే కనిపించే ప్రైవేటు సైట్లు రెండు మూడు వేలు గుంజుతాయి, చివర గవ్ డాట్ ఇన్ ఉందో లేదో చూసుకోండి.

కొత్త యూనిట్లకు బ్యాంకు లోను మీద సబ్సిడీ ఇచ్చే కేంద్ర పథకం పీఎంఈజీపీకి 2023 అక్టోబరులో అప్లై చేశాను. తయారీ యూనిట్‌కు 50 లక్షల దాకా ప్రాజెక్టు పెట్టొచ్చు. మహిళకు, పల్లెలో పెడితే 35 శాతం సబ్సిడీ, సొంత వాటా 5 శాతం. అప్పటికే నడుస్తున్న యూనిట్‌కు ఇవ్వరు, కొత్తదే అయి ఉండాలి. మా షెడ్డు మామ పేరు మీద ఎప్పటి నుంచో ఉంది కాబట్టి బుక్కరాయసముద్రం మండలంలో ఒక పంచాయతీ పరిధిలో వేరే షెడ్డు అద్దెకు తీసుకున్నాం, పల్లె ప్రాంతం అని సర్టిఫికెట్ తెచ్చాం. జిల్లా పరిశ్రమల కేంద్రంలో పని బాగానే అయింది, ఒక పెద్దాయన ప్రాజెక్టు రిపోర్టులో తప్పులు తనే దిద్దించి పంపారు. ఫైలు నవంబరులో బ్యాంకుకు వెళ్లింది. అసలు కథ అక్కడ.

నా మొదటి ప్రాజెక్టు 14 లక్షలు. బ్యాంకు మేనేజరు రిపోర్టు తిరగేసి మొదట అడిగింది, "మీ ఆయన ఏం చేస్తారు మేడమ్, ఆయన పేరు మీద ఎందుకు పెట్టలేదు?" రెండోది, "ఈ డ్రయర్లు ఇక్కడ ఎవరైనా అమ్ముతున్నారా?" లేదు సార్, అదే కదా మా అవకాశం అన్నాను. "ఎవరూ అమ్మట్లేదంటే కొనేవాళ్లు లేరనే కదా" అన్నాడాయన. కోపం వచ్చింది, ఇంటికొచ్చాక ఆలోచిస్తే ఆయన కుర్చీలో కూర్చుంటే నేనూ అదే అడిగేదాన్నేమో అనిపించింది. పిండిమిల్లుకో, ఫ్లెక్సీ ప్రింటింగ్‌కో అయితే వాళ్ల దగ్గర పాత లెక్కలుంటాయి, నెలకు ఎంత వస్తుందో తెలుసు. కొత్త వస్తువుకు లెక్క ఎక్కడి నుంచి తెస్తాడు? 10 లక్షల దాకా తాకట్టు అడగకూడదని అప్పట్లో రిజర్వు బ్యాంకు రూలు ఉండేది, అది దాటితే తాకట్టు బదులు బ్యాంకుకు హామీ ఇచ్చే గ్యారంటీ పథకం ఉంది గానీ ఆయన దానికి ఒప్పుకోలేదు, పొలం కాగితాలు పెట్టమన్నాడు. పొలంలో మా మరిదికి కూడా వాటా ఉన్నది, దాన్ని కదిలిస్తే ఇంట్లో వేరే కథ మొదలవుతుంది. చివరికి ప్రాజెక్టునే తొమ్మిదిన్నర లక్షలకు కోసేశాం. ప్లాస్మా కటింగ్ మిషను పోయింది, టెస్టింగ్ కోసం పెట్టుకున్న లక్షా ఇరవై వేలు పోయాయి. గమనించండి, కొత్త వస్తువు చేసేవాళ్లకు అన్నిటికంటే ముందు కావాల్సిన పద్దులే ముందు ఎగిరిపోతాయి.

కోసిన రిపోర్టు 2024 ఫిబ్రవరిలో ఇచ్చాను. మార్చి 16న ఎన్నికల కోడ్ వచ్చింది. బ్యాంకు లోనుకు కోడ్‌కు ఏం సంబంధం అని ఎవరినైనా అడగండి, సంబంధం లేదనే అంటారు, కానీ సంతకం మాత్రం పడదు. మే 13న పోలింగ్, జూన్ 4న ఫలితాలు, తర్వాత బదిలీలు, కొత్త మేనేజరు. కొత్తాయన ఫైలు మొదటి నుంచి చదివాడు. అద్దె షెడ్డుకు నెలకు ఆరు వేలు కడుతూనే ఉన్నాం, లోపల ఏమీ లేదు, ఎలుకలు తప్ప. 2024 ఆగస్టులో శాంక్షన్ అయింది.

డబ్బు మన చేతికి రాదు, కొటేషన్ ఇచ్చిన షాపు ఖాతాకే పోతుంది. సెకండ్ హ్యాండ్ మిషన్లకు ఒప్పుకోరు. బెంగళూరులో సగం ధరకు మంచి బెండింగ్ మిషను దొరికింది, కొనలేకపోయాం, కొత్తదే కొన్నాం. వ్యాపారం ఎలా నడపాలో నేర్పే ఈడీపీ ట్రైనింగ్ ఆన్‌లైన్‌లో ఉంటుంది, అది పూర్తి చేసి సర్టిఫికెట్ ఇస్తేనే సబ్సిడీ క్లెయిము ముందుకు కదులుతుంది, కాబట్టి శాంక్షన్ కోసం ఎదురుచూడకుండా ముందే చేసేయండి. తొమ్మిదిన్నర లక్షల్లో నా వాటా 47,500, బ్యాంకు అప్పు 9,02,500, సబ్సిడీ 3,32,500. ఈ సబ్సిడీ 2025 జనవరిలో వచ్చింది, అప్పటిదాకా మొత్తం అప్పు మీద వడ్డీ కట్టాం, అంటే సబ్సిడీ వాటా వరకే నెలకు మూడు వేలు అదనం. వచ్చినాక కూడా అది మన ఖాతాలో పడదు. మన పేరు మీద డిపాజిట్‌గా మూడేళ్లు బ్యాంకులోనే ఉంటుంది, ఆ మేరకు అప్పు మీద వడ్డీ వేయరు, మూడేళ్లు యూనిట్ సరిగ్గా నడిస్తే అప్పులో కలుపుతారు. అంటే నాకు 2028లో. 35 శాతం సబ్సిడీ అంటే పెట్టుబడి 35 శాతం తగ్గుతుందని అనుకుంటారు అందరూ, తగ్గదు. మొదటి మూడేళ్లు చేతిలో డబ్బు కావాల్సింది మీకే.

మధ్యలో 2024 అక్టోబరులో రాష్ట్రం కొత్త క్లీన్ ఎనర్జీ పాలసీ తెచ్చింది, 10 లక్షల కోట్ల పెట్టుబడులు లక్ష్యం అని పేపర్లో మొదటి పేజీ నిండా వేశారు. మా మామ ఆ పేపరు మడిచి నా చేతికిచ్చి, "ఇందులో మన తొమ్మిదిన్నర లక్షలు కూడా ఉన్నాయేమో చూడమ్మా" అన్నారు. చదివాను. పార్కులు, పంప్డ్ స్టోరేజీ, గ్రీన్ హైడ్రోజన్, బయోగ్యాస్. పెద్దవి రావాలి, వస్తే మా షెడ్డుకూ పని దొరుకుతుంది, కాదనను.

పేటెంట్. 2024 ఫిబ్రవరిలో ఫైలు చేశాం. మన ఆంధ్రావన్నీ చెన్నై ఆఫీసు కిందికి వస్తాయి, వెళ్లాల్సిన పని లేదు, అంతా ఆన్‌లైనే. వ్యక్తిగతంగా వేస్తే ఫైలింగ్ ఫీజు 1,600, త్వరగా ప్రచురించమని అడిగితే 2,500. మహిళా దరఖాస్తుదారు అయితే త్వరిత పరిశీలన అడగొచ్చు, దానికి 8,000. ఇది చాలామందికి తెలియదు, ఇంట్లో అక్కాచెల్లెళ్ల పని నిజంగా ఉంటే వాళ్ల పేరు ముందు పెట్టండి. అంటే ప్రభుత్వానికి కట్టింది 12,100 మాత్రమే. ఏజెంటుకు డ్రాఫ్టింగ్‌కు 35 వేలు, తర్వాత జవాబు రాయడానికి ఇంకో 15 వేలు. జూలైలో పరిశీలన రిపోర్టు వచ్చింది, చదివి ఆ పూట అన్నం తినలేదు. బండల్లో వేడి దాచడం పాతదే, మైనం సిలిండరుతో గ్రీన్‌హౌస్ కిటికీలు తెరవడం పాతదే, తెలిసిన వస్తువులను పక్కపక్కన పెట్టినంత మాత్రాన ఆవిష్కరణ కాదు, పేటెంట్ చట్టం సెక్షన్ 3(ఎఫ్) చూడండి అని. విదేశీ పేటెంట్లు మూడు చూపించారు. నిజానికి ఆ రిపోర్టు చాలా జాగ్రత్తగా రాశారు, నా డ్రాయింగును నాకంటే బాగా చదివారు. ఆరు నెలల్లో జవాబివ్వాలి. పగలు గాలి పై నుంచి పోయి, తలుపు మూసుకోగానే అదే గాలి బండల సందులోకి మళ్లుతుంది, రెండూ విడివిడిగా పనిచేసేవి కావు, ఒకటి లేకపోతే రెండోది దండగ అని టెంపరేచర్ రీడింగులతో సహా నవంబరులో పంపాం. ఆ రీడింగులు రాత్రి పూట గంట గంటకు మా ఆయన లేచి నోటుబుక్కులో రాసినవి. 2025 ఫిబ్రవరిలో వీడియో హియరింగ్, పదిహేను రోజుల్లో రాతపూర్వకంగా మళ్లీ ఇవ్వాలి. జూన్‌లో గ్రాంటయింది. మొదట అడిగిన పది క్లెయిముల్లో, అంటే ఇది మా సొంతం అని కోరిన అంశాల్లో, నాలుగే మిగిలాయి.

ఆ పేటెంటుతో ఏమొచ్చింది అంటే, మూడో ఏడాది నుంచి ఆరో ఏడాది దాకా ఏటా 800 రూపాయల రెన్యువల్ వచ్చింది. అప్పటికే పక్క జిల్లాలో ఒకాయన మా డ్రయర్ ఫొటో చూసి, బండలు తీసేసి, మైనం తీసేసి, పై ఆకారం మాత్రం పెట్టుకుని 85 వేలకు అమ్ముతున్నాడు. మాది 1,40,000. ఆయన మీద కేసు వేయలేం, మా క్లెయిములో ఉన్నదేదీ ఆయన వాడలేదు. పైగా ఆయన డ్రయర్‌లో సరుకు నల్లబడినవాళ్లు "సోలార్ డ్రయర్లన్నీ ఇంతే" అంటున్నారు. నాకు ఎక్కువ నొప్పి ఇక్కడే.

అమ్మకం గురించి. ఉరవకొండ వైపు ఒక మిరప రైతు షెడ్డుకొచ్చి అంతా చూశాడు, చెయ్యి లోపల పెట్టి చూశాడు, మైనం తలుపు తెరుచుకుంటుంటే నవ్వాడు కూడా. చివర్లో, "ఎండకు లక్షా నలభై వేలా? మా కళ్లంలో ఊరికే ఉండాది కదమ్మా" అన్నాడు. దుమ్ము ఉండదు, వాన వస్తే బూజు పట్టదు, రంగు నిలబడుతుంది అన్నాను. "మార్కెట్లో దానికి ఎక్కువిస్తారా?" అన్నాడు. ఇస్తారని అబద్ధం చెప్పలేకపోయాను. బూజు విషం ఉందో లేదో టెస్టు చేయించి ధర కట్టే ఎగుమతిదారులు ఇస్తారు, ఊళ్లో కొనే వ్యాపారి కళ్లంలో దుమ్ముపట్టిన దానికీ దీనికీ ఒకే రేటు. తినేవాళ్లకు మంచిది, కట్టెల పొయ్యి పొగ తప్పుతుంది, కరెంటు ఆదా, ఇవన్నీ నిజమే. కానీ ఆ లాభం ఎవరికో పోతుంది, డబ్బు పెట్టాల్సింది మాత్రం రైతు. ఈ మధ్యలో ఉన్న తేడాను పూడ్చడానికే కదా సబ్సిడీలు పెట్టింది.

సరే, సబ్సిడీలు. కొనేవాళ్లకు పీఎంఎఫ్ఎంఈ అని ఒక పథకం ఉంది, చిన్న ఆహార శుద్ధి యూనిట్లకు 35 శాతం, పది లక్షల దాకా, 2020లో మొదలైంది. జిల్లాలో రిసోర్స్ పర్సన్లు ఉంటారు, దరఖాస్తు వాళ్లే చేయిస్తారు, మనం డబ్బు ఇవ్వక్కర్లేదు, ప్రభుత్వమే వాళ్లకు కేసుకు ఇంత అని ఇస్తుంది. నాకు తెలిసిన రిసోర్స్ పర్సన్ చాలా తిరిగేవారు, ఆయన తప్పేమీ లేదు. ఏమైందంటే, 35 శాతం అనే మాట ఊళ్లో పడ్డ రోజు నుంచి సొంత డబ్బుతో కొనేవాళ్లు ఆగిపోయారు. పత్తికొండ దగ్గర పొదుపు సంఘం ఆమె ఒకావిడ అడ్వాన్సు ఇరవై వేలు ఇచ్చి, మళ్లీ ఫోన్ చేసి, "ఏమనుకోవద్దక్కా, లోను వస్తాదంట, అది వచ్చినాక తీసుకుంటా" అని వెనక్కి అడిగింది. ఇచ్చేశాను. ఆమె ఫైలు 2025 మార్చిలో పెట్టింది, నవంబరులో శాంక్షన్ అయింది. ఆ మధ్య రెండు టమాటా సీజన్లు పోయాయి ఆమెకు, నేను ఆ అమ్మకం రాకుండానే ఎనిమిది నెలల ఈఎంఐ కట్టుకున్నాను. సబ్సిడీ మాట ఊళ్లో పడకముందు నెలకు ఒకటైనా అమ్మేదాన్ని, పడ్డాక మూడు నెలలకొకటి. వినడానికి విడ్డూరంగా ఉంటుంది గానీ ఇదే నిజం.

ఒక శాఖ తమ పథకంలో సరఫరాదారుల జాబితా చేస్తోందని తెలిసి దానికీ వేశాను. మూడేళ్ల టర్నోవరు, ఇంతకుముందు సరఫరా చేసిన ఆర్డర్ల కాపీలు, టెస్ట్ రిపోర్టు. టెస్ట్ రిపోర్టు కోసం ఒక కాలేజీ వాళ్లకు 28 వేలు కట్టి చేయించుకున్నా. మిగతా రెండూ లేవు. కేంద్ర కొనుగోళ్లలో స్టార్టప్‌లకు, చిన్న పరిశ్రమలకు టర్నోవరు, అనుభవం సడలించొచ్చని రూల్ ఉంది కదా సార్ అంటే, అది కేంద్రానికమ్మా, ఇది రాష్ట్రం, పోనీ స్టార్టప్ గుర్తింపు ఉందా అన్నారు. స్టార్టప్ ఇండియా గుర్తింపు కావాలంటే ప్రైవేట్ లిమిటెడో, పరిమిత బాధ్యత భాగస్వామ్యం అనే ఎల్ఎల్‌పీనో, రిజిస్టరైన భాగస్వామ్యమో ఉండాలి, ఒక్కరి పేరు మీద నడిచే ప్రొప్రైటరీకి ఇవ్వరు. పోనీ ఎల్ఎల్‌పీకి మారదామంటే నా లోను వ్యక్తిగా నా పేరు మీద ఉంది, మూడేళ్లు నిండకముందే రూపం మారిస్తే సబ్సిడీ చిక్కుల్లో పడుతుందని బ్యాంకులో గట్టిగా చెప్పారు. ఒక పథకంలో దూరడానికి వేసుకున్న చొక్కా ఇంకో పథకం తలుపు దగ్గర విప్పమంటారు. ఇప్పుడు మొదలుపెట్టేవాళ్లు ఈ ఒక్కటి మాత్రం లోనుకు ముందే తేల్చుకోండి: మీకు బ్యాంకు సబ్సిడీ ముఖ్యమా, స్టార్టప్ గుర్తింపుతో వచ్చే సడలింపులు, పేటెంట్ సాయం ముఖ్యమా అని.

గాలి గురించి చెప్పకపోతే అనంతపురం అనిపించుకోదు. ఊరి చుట్టూ గాలిమరలు ఊరికే పెట్టలేదు. 2025 జూలైలో, ఆషాఢం గాలికి, బెళుగుప్ప దగ్గర పెట్టిన డ్రయర్ పై షీటు రెండు బోల్టులు తెంపుకుని పక్క చేనులో పడింది. ఎవరికీ తగల్లేదు, దేవుడి దయ. ఆ తర్వాత ప్రతి డ్రయర్‌కూ నాలుగు మూలలా కాంక్రీటు పోసి, షీటు మీద అడ్డంగా పట్టీలు వేస్తున్నాం, పదకొండు వేలు పెరిగింది. కోస్తాలో తయారైన డిజైన్లు కొనుక్కొచ్చి ఇక్కడ పెట్టేవాళ్లు పట్టీలు అడిగి వేయించుకోండి.

2025 సెప్టెంబరులో కర్నూలు ఉల్లి పడిపోయింది. క్వింటా 1,200కు ప్రభుత్వం కొంటామన్న రోజులవి. ఒక వారం ఫోన్ ఆగలేదు. కానీ ఉల్లి అందరూ అనుకున్నంత సులువు కాదు. ఎండబెట్టిన ఉల్లికి పెద్ద మార్కెట్ గుజరాత్‌లో మహువా, అక్కడ ఫ్యాక్టరీలు వాడేది తెల్ల ఉల్లి, అందులో ఘనపదార్థం ఎక్కువ. మన కర్నూలు ఎర్ర ఉల్లి ఎండితే గులాబీ, గోధుమ రంగులు కలిసి మచ్చల్లా అవుతుంది. మొదటి లాటు బెంగళూరు హోటళ్ల సప్లయర్‌కు పంపితే రంగు చూసి వెనక్కి పంపాడు, రవాణా ఖర్చు మాదే. పొడి చేసి మసాలా వాళ్లకు అమ్మితే పోయింది. అందుకని ఉల్లి కోసం డ్రయర్ అడిగేవాళ్లకు ముందు ఎవరికి అమ్ముతారో చెప్పండి అంటున్నా, వాళ్లకు కోపం వస్తోంది.

సరిగ్గా ఆ ఫోన్ల మధ్యలోనే జీఎస్టీ. సోలార్ పరికరాల మీద 12 శాతం ఉండేది, 5కు తగ్గిస్తున్నట్టు సెప్టెంబరు 3న కౌన్సిల్ ప్రకటించింది, 22 నుంచి అమలు. ఆ మధ్య రోజుల్లో ఒక్కరంటే ఒక్కరు బిల్లు వేయనివ్వలేదు, సహజమే. తగ్గాక కొనేవాళ్లకు 9,800 మిగిలింది (కాంక్రీటు, పట్టీలు కలపని 1,40,000 మీద లెక్క), మంచిదే. మాకు ఏమైందో లెక్క చూడండి. ఒక డ్రయర్‌కు పైపులు, షీటు, జాలీ, ఫ్యాను కలిపి 82 వేల సరుకు, దాని మీద 18 శాతం చొప్పున 14,760 పన్ను కట్టి తెస్తాం. 1,40,000 మీద 12 శాతం వసూలు చేసినప్పుడు 16,800 వచ్చేది, సరుకు మీద కట్టింది అందులో మినహాయించుకుని మిగతా రెండు వేలు కట్టేవాళ్లం, లెక్క సరి. ఇప్పుడు 5 శాతం అంటే 7,000 వసూలవుతుంది. మిగతా 7,760 ప్రభుత్వం దగ్గర ఇరుక్కుపోతుంది, ప్రతి డ్రయర్‌కూ. రీఫండ్ అడగొచ్చు, ఆర్‌ఎఫ్‌డీ-01 అని ఫారం, అరవై రోజుల్లో ఇవ్వాలని చట్టం. సరుకు మీద కట్టిన పన్నుకే వస్తుంది, మిషన్ల మీద, అద్దె మీద, ఆడిటర్ ఫీజు మీద కట్టిన దానికి రాదు. నవంబరులో పెట్టాం, బిల్లుల జాబితా సరిగ్గా లేదని వెనక్కి వచ్చింది, మళ్లీ పెట్టాం. ఆడిటర్‌కు ఆరు వేలు. ఇనుము షాపాయన మాత్రం అప్పు ఇవ్వడు, ఆయనకు నగదే. పన్ను తగ్గిస్తే చేతిలో డబ్బు తగ్గడం ఏంటని మా ఆయన ఇప్పటికీ నమ్మలేదు, పుస్తకం ముందు పెట్టి రెండుసార్లు కూడికలు వేయించాను.

ఇవాళ్టికి ఉన్న పరిస్థితి ఇది. ఈఎంఐ ఒక్కటి కూడా తప్పలేదు, కానీ మూడు నెలలు షెడ్డు గేట్ల పని డబ్బుతో కట్టాం. ఇద్దరు పిల్లలు పనికి వస్తున్నారు, ఇద్దరూ ఐటీఐ చేసినవాళ్లు, మైనం సిలిండరు ఇప్పుడు నాకంటే వాళ్లే బాగా చేస్తున్నారు. చేతిలో రెండు ఆర్డర్లున్నాయి. ఒకటి పత్తికొండ ఆమెదే, శాంక్షన్ లెటరు వాట్సాప్‌లో పెట్టింది, బ్యాంకు నుంచి డబ్బు ఇంకా పడలేదు. రెండోది కదిరి దగ్గర మునగాకు ఎండబెట్టే ఒక జంట, సొంత డబ్బు, బేరం కూడా ఆడలేదు. అలాంటివాళ్లు ఏడాదికి నలుగురు దొరికితే చాలనిపిస్తుంది.

ధర అడిగేవాళ్లకు: 1,51,000, మూలల కాంక్రీటు, పట్టీలతో కలిపి, జీఎస్టీ అదనం, కర్నూలు, కడప దాకా రవాణా ఖర్చు మీరే పెట్టుకోవాలి. సబ్సిడీ పోగా ఎంత పడుతుందని మాత్రం నన్ను అడగొద్దు, అది మీ బ్యాంకు మేనేజరు చెప్పాలి. కొటేషన్ కావాలంటే యూనిట్ ఎవరి పేరు మీద పెడుతున్నారో ముందే చెప్పండి, తర్వాత పేరు మార్చాలంటే బ్యాంకు మళ్లీ మొదటి నుంచి చూస్తుంది.